వేళ అడిగే హక్కు

ప్రజలు ప్రభుత్వాన్ని అడిగే ప్రశ్నలలో మొట్టమొదటిది మిక్కిలి చిన్నది. "సారు ఎప్పుడుంటారు?" అన్నదే ఆ ప్రశ్న. పింఛను కోసం వెళ్లినా, పట్టా కోసం వెళ్లినా, బిడ్డను బడిలో చేర్చడానికి వెళ్లినా, జ్వరానికి మందు కోసం వెళ్లినా గడపలో అడుగుపెట్టగానే నోట వచ్చే మాట ఇదే. దీనికి జవాబు దొరికిన తరువాతనే తక్కిన ప్రశ్నలకు చోటు. భాషాహక్కులను గురించి చర్చించేటప్పుడు మనం శాసనసభలలో వాడే భాష, న్యాయస్థానాల తీర్పుల భాష, విశ్వవిద్యాలయాలలో బోధించే భాష అంటూ పెద్ద వాకిళ్ల దగ్గరనే నిలబడిపోతున్నాము. ఆ వాకిళ్లన్నిటికంటె ముందు ఒక చిన్న కిటికీ ఉన్నది. సామాన్యునికి పాలన మొదలయ్యేది ఆ కిటికీ దగ్గరనే. అక్కడ చెల్లే నుడి తనది కానివానికి పాలన మొదలే కాదు.

ఈ మాట అన్నిచోట్లా నిజమే అయినా సిరొంచలో మరింత నిజం. గోదావరికి ఉత్తరపు ఒడ్డున, ప్రాణహిత వచ్చి కలిసే చోటికి చేరువలో ఉన్న ఊరు సిరొంచ. నదికి ఈవల కాళేశ్వరం, ఆవల సిరొంచ. అక్కడ ఇంటిలో, అంగడిలో, పొలం గట్టు మీద వినిపించేది తెలుగు. అడవి పల్లెలలో గోండీ, మాడియా నుడులు. కచేరీలో మరాఠీ. 1860లో ఈ ఎడమ ఒడ్డు ప్రాంతం నిజాము నుంచి ఆంగ్లేయుల చేతికి వచ్చినప్పుడు వారు దానికి ఎగువ గోదావరి జిల్లా అని పేరుపెట్టి సిరొంచను ముఖ్యపట్టణం చేశారు. 1874లో ఆ జిల్లాను ఎత్తివేసి భద్రాచలం ప్రాంతాన్ని మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు, సిరొంచను చాందా జిల్లాకు అప్పగించారు. అప్పటినుంచి సిరొంచ మధ్యపరగణాలలోను, మధ్యప్రదేశ్‌లోను, 1956 నుంచి బొంబాయి రాష్ట్రంలోను, 1960 నుంచి మహారాష్ట్రలోను ఉంటూ వచ్చింది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ జిల్లాను విడదీసి గడ్చిరోలి జిల్లాను ఏర్పరచగా అందులో చేరింది. ఒకప్పుడు తానే జిల్లా కేంద్రమైన ఊరు ఇప్పుడు జిల్లా కేంద్రానికి 200 కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్నది. పాలకులు మారినప్పుడల్లా కచేరీ నుడి మారింది. ఇంటి నుడి మాత్రం మారలేదు.

200 కిలోమీటర్ల దూరం ఉన్నచోట వేళ తెలియడమంటే ఏమిటో ఆలోచించండి. ఒక పని మీద గడ్చిరోలి పోయి రావడమంటే కూలిమనిషికి రెండు దినాల కూలి, రానుపోను బస్సు ఛార్జీ, ఒక రాత్రి బస. "బేస్తవారం నాలుగింటికి సారు ఉంటారా?" అన్న ప్రశ్నకు ముందే జవాబు దొరికితే ఒక ప్రయాణంతో పని తీరుతుంది. దొరకకపోతే రెండు, మూడు. కాబట్టి ఇది కేవలం భాషాభిమానానికి సంబంధించిన విషయం కాదు, పేదవాని మొలలోని రూకలకు సంబంధించిన విషయం. "ఓ స్త్రీ రేపు రా" అని తలుపు మీద రాసి దయ్యాన్ని తిప్పిపంపిన ఊళ్లు మనవి. కచేరీ తలుపు మీద ఆ రాత కనిపించదు. కాని తిరిగిపోయేది దయ్యం కాదు, మనిషి.

ఒకవైపే నడిచే గడియారం

వేళ విషయంలో ప్రభుత్వానికి, పౌరునికి మధ్య ఒక అసమానత ఉన్నది. ప్రభుత్వం పౌరుణ్ణి ఫలానా తేదీన, ఫలానా గంటకు, ఫలానా చోట హాజరు కమ్మని ఆజ్ఞాపించగలదు. పౌరుడు ప్రభుత్వాన్ని "మీకు ఎప్పుడు వీలు?" అని అడగగలడే తప్ప ఆజ్ఞాపించలేడు. ఆజ్ఞ ప్రభుత్వపు భాషలో వస్తుంది. ఆ అడగడం కూడా ప్రభుత్వపు భాషలోనే జరగాలంటే పౌరునికి మిగిలేది ఏమిటి?

భూసేకరణనే తీసుకొందాము. ఆ మాట సిరొంచ తాలూకాకు బాగా తెలిసిన మాట. మేడిగడ్డ బరాజుకు ఒక కొస తెలంగాణలో ఉంటే మరొక కొస సిరొంచ తాలూకాలో ఉన్నది. 2016 ఆగస్టు 23న ముంబైలో రెండు రాష్ట్రాల నడుమ ఒప్పందం కుదిరింది. 2019 జూన్ 21న కాళేశ్వరం పథకాన్ని ప్రారంభించారు. 2023 అక్టోబరులో బరాజు స్తంభాలు కుంగిన సంగతి దేశమంతటికీ తెలిసింది. అయితే బరాజు వెనుక నీటి వలన తమ పొలాలు ముంపు పాలవుతున్నాయన్న సిరొంచ రైతుల మొర అంత దూరం వినిపించలేదు. ఆ రైతులలో పెక్కుమంది తెలుగువారు. పథకం తెలుగు రాష్ట్రానిది, కచేరీ మరాఠీది. రైతు మొర ఈ రెండింటి నడుమ ఏటి మధ్య పడవలాగా నిలిచింది.

2013నాటి భూసేకరణ చట్టం ఈ సందర్భంలో గమనింపదగినది. ప్రాథమిక ప్రకటనను పంచాయతీలోను, తహసీలు కచేరీలోను స్థానిక భాషలో ప్రకటించాలని ఆ చట్టపు 11వ సెక్షను చెప్పుతున్నది. ప్రకటన వెలువడిన 60 రోజులలోగా భూయజమాని తన అభ్యంతరాన్ని తెలుపుకోవచ్చునని, అతని మాటను నేరుగా వినాలని 15వ సెక్షను చెప్పుతున్నది. హక్కుదారులు ఏ వేళకు, ఏ చోటికి రావలసి ఉంటుందో నోటీసులో తెలపాలని 21వ సెక్షను చెప్పుతున్నది. చట్టంలో ఉన్న పదం "రాష్ట్ర భాష" కాదు, "స్థానిక భాష". సిరొంచలో స్థానిక భాష ఏదని ప్రశ్నిస్తే ఆ ఊరి సంత జవాబు చెప్పుతుంది. వేళ తప్పినవాని అభ్యంతరం వినబడదు. అర్థం కాని భాషలో చెప్పిన వేళ చెప్పని వేళతో సమానమే.

పావు తక్కువ ఐదు

"అడగడానికి నాలుగు మరాఠీ ముక్కలు వస్తే చాలదా? ఇందుకు ఉద్యమం ఎందుకు?" అని కొందరు అంటారు. ఆ నాలుగు ముక్కలలో ఏమున్నదో చూద్దాము. మరాఠీలో నాలుగుంపావును సవ్వాచార్ అంటారు, నాలుగున్నరను సాడేచార్ అంటారు. ఇంతవరకు చార్ అన్న మాట చెవిని పడుతుంది కాబట్టి చిక్కు లేదు. నాలుగూ ముప్పావును మాత్రం పావణేపాచ్ అంటారు. పాచ్ అంటే ఐదు అని మాత్రమే తెలిసిన ముసలమ్మ ఐదింటికి వచ్చి నిలబడుతుంది, పావుగంట ముందే ఆమె పేరు పిలిచి ఉంటారు. ఒకటిన్నరకు దీడ్ అని, రెండున్నరకు అడీచ్ అని పేర్లు. అడీచ్‌లో రెండూ వినిపించదు, మూడూ వినిపించదు. ఉర్దూ, హిందీ వినికిడి ఉన్నవారికి ఈ లెక్క సులువే. ఇల్లు, పొలం దాటి ఎరుగని ఆడవారికి సులువు కాదు.

రోజుల సంగతి ఇంకా చిత్రం. మరాఠీలో పర్వా అన్న ఒక్క మాటకు మొన్న అనీ అర్థమే, ఎల్లుండి అనీ అర్థమే. క్రియను బట్టి మరాఠీవారు తేడాను తేలికగా పట్టుకొంటారు. ఇది ఆ భాషలోని సొగసే గాని లోపం కాదు. కాని క్రియారూపాలు రానివానికి "సాహెబు పర్వా" అన్న జవాబు చేతికి అందితే, సారు వచ్చిపోయారని ఇంటికి మళ్లాలా, ఎల్లుండి కోసం కాచుకోవాలా? మన పల్లెల కాలమానం కూడా అవతలివారికి ఇంతే కొత్త. పొద్దుగాల, అంబటాళ్ల, పగటీలి, మాపటీలి, పొద్దుమూకినంక అని చెప్పే రైతుకు అవి గడియారపు అంకెల కంటె స్పష్టమైన వేళలు. పరాయి గుమస్తాకు అవి వట్టి శబ్దాలు.

గంటల లెక్కను మించినది మర్యాద లెక్క. ఒకరి తీరికను అడగడం ప్రతి భాషలోను సున్నితమైన పని. తెలుగులో పెద్దవారిని "ఖాళీగా ఉన్నారా?" అని అడగము. పనీపాటా లేదా అన్నట్లు ఉంటుంది. "తీరికేనా?", "వీలవుతుందా?", "తమరికి అనుకూలమేనా?" అంటాము. నదికి ఇరువైపులా పల్లెజనం "నీకు తీరుతదా?" అంటారు, "జర పుర్సతున్నదా?" అంటారు. వారి నోట నువ్వు అన్నది చనువే గాని అమర్యాద కాదు. మరాఠీలో తూ, తుమ్హీ, ఆపణ్ అని మూడు మెట్లు ఉన్నాయి. సంతలో నేర్చిన మరాఠీకి సాధారణంగా తెలిసినది కింది మెట్టే. ఆ మెట్టు మీద నిలబడి అధికారిని అడిగితే ఆయనకు పొగరుగా వినిపిస్తుంది. అందుకు జంకి నోరు మూసుకొంటే బేలగా కనిపిస్తుంది. తన నుడిలో గౌరవంగా మాట్లాడగలిగిన మనిషి పరాయి నుడిలో అయితే పొగరుబోతో, బేలవాడో కావలసి వస్తున్నది. ఈ నష్టాన్ని ఏ జనాభా లెక్కా చూపలేదు.

ఇంత చెప్పినది మరాఠీ మీద కినుకతో కాదు. నిజానికి ఈ రెండు భాషలూ ఈ ప్రశ్న దగ్గర అక్కచెల్లెళ్ల వలె కనిపిస్తాయి. "మీకు నాలుగు గంటల వేళ తీరిక ఉన్నదా?" అని మనం అడిగితే "తుమ్హాలా చార్ వాజతా వేళ్ ఆహే కా?" అని వారు అడుగుతారు. మనం మీకు అన్నచోట వారు తుమ్హాలా అంటారు. రెండుచోట్లా తీరిక మనిషికి చెందినదే గాని మనిషి తీరికకు చెందినవాడు కాడు. మన వేళ, వారి వేళ్ ఒక్కటే మాట. 2008లో తెలుగుకు, 2024లో మరాఠీకి కేంద్ర ప్రభుత్వం ప్రాచీన భాషలుగా గుర్తింపునిచ్చింది. ఇంతటి రెండు భాషలు కలిసే చోట ఒక అవ్వ వేళ అడగలేక తిరిగిపోతే రెండింటికీ తలవంపే.

స్పానిష్ చెప్పే పాఠం

ఈ ప్రశ్న మనదొక్కటే కాదు. స్పానిష్ భాషలో పెద్దవారిని "ఎస్తా ఉస్తేద్ లీబ్రే ఆ లాస్ క్వాత్రో?" అని అడుగుతారు, నాలుగింటికి మీరు తీరికగా ఉంటారా అని దీని అర్థం. స్నేహితుణ్ణయితే "ఎస్తాస్ లీబ్రే?" అంటే చాలు. మీరు, నువ్వు అన్న తేడా వారికీ ఉన్నది. మరింత మర్యాదగా "లే వియెనే బియెన్ ఆ లాస్ క్వాత్రో?" అంటారు. నాలుగింటి వేళ మీకు బాగా వస్తుందా అని మాటకు మాట. మనం "మీకు వీలవుతుందా?" అన్నట్లే ఇక్కడా మీకు అన్నదే ముందు నిలుస్తుంది. స్పెయిన్‌లో నాలుగూ ముప్పావును సింకో మెనోస్ క్వార్తో, అంటే పావు తక్కువ ఐదు అంటారు. పావణేపాచ్‌తో తికమకపడే సిరొంచ అవ్వ వంటివారే ఇంగ్లీషు గంటలతో తికమకపడే స్పానిష్ అవ్వలు అమెరికాలో ఉన్నారు.

అక్కడ వారికోసం ఏమి చేశారన్నది మనకు ముఖ్యం. అమెరికాలో నాలుగు కోట్లకు పైగా జనం ఇంటిలో స్పానిష్ మాట్లాడుతారు. 1964నాటి పౌరహక్కుల చట్టం జాతీయ మూలాన్ని బట్టి వివక్ష చూపరాదన్నది. భాష తెలియకపోవడాన్ని సాకుగా చేసుకొని సేవను నిరాకరించడం కూడా ఆ వివక్షలోకి వస్తుందన్న భావన క్రమంగా బలపడింది. 1973లో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. ఒక కార్యాలయానికి వచ్చే జనంలో ఇంగ్లీషు రానివారు ఒకే భాషకు చెందినవారు నూటికి అయిదుగురున్నా, ఆ భాష తెలిసిన ఉద్యోగులు అక్కడ ఉండాలన్నది రాష్ట్ర శాఖలకు అది పెట్టిన నియమం. 2000 ఆగస్టులో అధ్యక్షుడు క్లింటన్ ఉత్తరువు నంబరు 13166 ద్వారా కేంద్ర శాఖలన్నీ ఇంగ్లీషు అంతగా రానివారికి సేవలు అందే మార్గం చూడాలని ఆదేశించాడు. 2025 మార్చి 1న అధ్యక్షుడు ట్రంప్ ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ ఆ ఉత్తరువును రద్దు చేశాడు. పాతికేళ్ల ఏర్పాటు ఒక్క సంతకంతో తొలగిపోయింది. కాలిఫోర్నియా చట్టం మాత్రం నిలిచే ఉన్నది. ఉత్తరువు దయ వంటిది, చట్టం హక్కు వంటిది. ఇది మనం నేర్వవలసిన మొదటి పాఠం.

రెండవ పాఠం ఇంకా లోతైనది. అమెరికాలో కిటికీకి బయట నిలబడిన ఆ స్పానిషే మెక్సికోలో, పెరూలో కిటికీకి లోపల కూర్చొని ఉన్నది. అక్కడ నావాత్, మాయా, కెచువా నుడుల జనం బయట నిలబడి ఉన్నారు. వారికోసం మెక్సికో 2003లో, పెరూ 2011లో మూలవాసుల భాషాహక్కుల చట్టాలు చేయవలసి వచ్చింది. ఏ భాషా పుట్టుకతో చిన్నది కాదు, పెద్దది కాదు. కిటికీకి ఏ వైపున ఉన్నదన్నదే తేడా. హైదరాబాదులో లోపల ఉన్న తెలుగు సిరొంచలో బయట ఉన్నది. ముంబైలో లోపల ఉన్న మరాఠీ ఆదిలాబాదులో బయట ఉన్నది. కాబట్టి వేళ అడిగే హక్కు భాష గొప్పతనాన్ని బట్టి కాక మనిషి అవసరాన్ని బట్టి రావాలి.

మన రాజ్యాంగం ఏమన్నది

మన దేశంలో ఈ హక్కుకు పునాది లేకపోలేదు. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం ఏ వ్యక్తి అయినా తన కష్టాన్ని కేంద్రానికి చెందిన లేక రాష్ట్రానికి చెందిన ఏ అధికారికైనా, ఆ కేంద్రంలో లేక రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకోవచ్చును. గమనించండి, "అధికార భాషలో" అనలేదు, "వాడుకలో ఉన్న భాషలో" అన్నారు. తెలుగు మహారాష్ట్రలో వాడుకలో ఉన్న భాషే. సిరొంచలోనే కాక షోలాపూరులో, ముంబైలో తెలుగువారు తరాలుగా ఉన్నారు. 1956లో ఏడవ సవరణ ద్వారా 350-ఎ, 350-బి అధికరణాలు చేరాయి. మొదటిది ప్రాథమిక దశలో అమ్మనుడిలో చదువుకు వీలు కల్పించమంటుంది. రెండవది భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచమంటుంది. ఆ ఏడే కేంద్రం రాష్ట్రాలకు పంపిన రక్షణల పత్రం, ఆ తరువాత 1961లో జరిగిన ముఖ్యమంత్రుల సమావేశం తహసీలు, పురపాలిక వంటి స్థానిక ప్రాంతంలో అల్పసంఖ్యాకులు నూటికి 15 మంది ఉన్నచోట ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలో కూడా వెలువరించాలన్న సూత్రానికి ఆమోదం తెలిపాయి. సిరొంచ తాలూకాలో తెలుగు ఆ గీతను ఎప్పుడో దాటింది.

అయితే పునాది ఉన్నంత మాత్రాన ఇల్లు లేవదు. 350వ అధికరణం విన్నపం ఇవ్వడానికి వీలిచ్చింది గాని అదే భాషలో జవాబివ్వాలని చెప్పలేదు. 15 శాతం సూత్రం అంగీకారమే గాని చట్టం కాదు. 1964నాటి మహారాష్ట్ర అధికార భాషల చట్టం పాలనకు మరాఠీని నిలిపింది. అది న్యాయమే. 2005నాటి సమాచార హక్కు చట్టం అర్జీని ఇంగ్లీషులోనో, హిందీలోనో, ఆ ప్రాంతపు అధికార భాషలోనో ఇవ్వమన్నది. అంటే సిరొంచ తెలుగువాడు తెలుగులో రాసిన అర్జీకి ఆ చట్టం బలం నేరుగా అందదు. కాని అదే 6వ సెక్షనులో ఒక చిన్న తలుపు తెరిచి ఉన్నది. రాతలో అడగలేనివాడు నోటితో అడిగితే సమాచార అధికారి సాయపడి దానిని రాతలో పెట్టించాలి. నోటిమాటను వినవలసిన బాధ్యతను చట్టం అధికారి మీద పెట్టినప్పుడు, విని తెలుసుకోగల మనిషి అక్కడ ఉండాలన్నది దానిలోనే ఇమిడి ఉన్నది. 2015నాటి మహారాష్ట్ర సేవా హక్కు చట్టం సేవలకు గడువులు పెట్టింది. గడువు ఎప్పుడు ముగుస్తుందో తెలియనివానికి గడువు వలన ప్రయోజనమేమి?

కొన్ని అభ్యంతరాలు

"పిల్లలందరూ మరాఠీ బడిలో చదువుకొన్నవారే. వారు చెప్పరా?" అన్నది మొదటి అభ్యంతరం. చెప్పుతారు. అందుకోసం మనుమడు బడి మానాలి, కొడుకు కూలి మానాలి. అవ్వ తన రోగం సంగతి మనుమడి నోట చెప్పించుకోవాలి. ఇంటి గుట్టు కిటికీ దగ్గర పిల్లవాని నోట పలకడం ఏ జాతికీ గౌరవం కాదు.

"ఇప్పుడు ఫోనులోనే అనువాదం వస్తున్నది కదా?" అన్నది రెండవది. 2022లో కేంద్రం భాషిణి అన్న ఏర్పాటును ప్రారంభించింది. మంచిదే, వాడుకోవలసినదే. కాని అంబటాళ్ల అంటే ఏ గంటో యంత్రానికి తెలియాలి. అడవి పల్లెలో సంకేతం అందాలి. ఫోను చేతిలో ఉండాలి. అన్నిటికీ మించి, యంత్రం ఎంత చక్కగా అనువదించినా "ఉద్యా యా" అన్నది "రేపు రండి" అనే అవుతుంది. జవాబుకు బాధ్యత వహించేది మనిషే గాని యంత్రం కాదు.

"మరాఠీ గడ్డ మీద తెలుగు బోర్డులా?" అన్నది మూడవది. 2025 ఏప్రిల్‌లో ఒకటవ తరగతి నుంచి హిందీని తప్పనిసరి చేసే ఉత్తరువును మహారాష్ట్ర ప్రభుత్వం తెచ్చినప్పుడు మరాఠీ ప్రజలు లేచి నిలిచారు. జూన్ 29న ప్రభుత్వం వెనుకకు తగ్గింది. పసిబిడ్డల మీద పెద్ద భాష బరువు మోపవద్దన్న వారి వాదన న్యాయమైనది. ఆ న్యాయాన్ని అంత బాగా ఎరిగిన జాతికి సిరొంచ అవ్వ బాధ అర్థం కాకపోదు. మరాఠీని తీసివేయమని ఎవరూ కోరడం లేదు. దాని కింద ఇంకొక పంక్తి రాయమనే కోరుతున్నాము.

అద్దం మన వైపు

పొరుగువారిని అడిగే ముందు మన వాకిలి ఊడ్చుకోవాలి. వంతెన రాకముందు పడవలో, ఇప్పుడు వంతెన మీద సిరొంచ జనం కాళేశ్వరం దాటి భూపాలపల్లికి, మంచిర్యాలకు, వరంగల్లుకు వైద్యానికి వస్తున్నారు. ఈ ఒడ్డున అందరిదీ తెలుగే. కాని ప్రైవేటు ఆసుపత్రి గోడ మీద వైద్యుడు ఉండే వేళలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి. చీటీ మీద మళ్లీ రావలసిన తేదీ ఇంగ్లీషులోనే ఉంటుంది. ఆ ఒడ్డున పరాయి రాష్ట్రం కాబట్టి తెలుగు లేదనుకొందాము. ఈ ఒడ్డున సొంత రాష్ట్రంలో ఎందుకు లేదు? 1966లో అధికార భాషా చట్టం చేసుకొన్న జాతి ఆరు దశాబ్దాల తరువాత కూడా వేళల పలక మీద తన లిపిని రాసుకోలేకపోతే సిరొంచ గురించి ముంబైని ఏ ముఖంతో అడుగుతుంది?

ఆదిలాబాదు, ఆసిఫాబాదు వైపు మరాఠీ మాట్లాడేవారు ఉన్నారు. వారికోసం మరాఠీ మాధ్యమపు బడులు ఉన్నాయి. ఇది మనకు గౌరవం. అయితే బడితో పని ముగియదు. కచేరీలో, ఆసుపత్రిలో కూడా వారి భాషలో వేళ తెలపాలి. రెండు ఒడ్డులలోనూ గోండీ, కొలామీ, మాడియా నుడుల జనానికి తెలుగూ పరాయిదే, మరాఠీ పరాయిదే. సిరొంచలో కచేరీ ముందు చిన్నబోయే తెలుగువాడే తన అంగడికి వచ్చిన మాడియా మనిషి ముందు పెద్దభాష వాడవుతున్నాడు. తనకు కోరిన గౌరవాన్ని అతనికి ఇవ్వనివాడు హక్కు అడగడం లేదు, ఆధిపత్యం అడుగుతున్నాడు.

చేయవలసినవి

మనం కోరేవి కొండమీది కోతులు కావు. మొదటిది, తెలుగువారు నూటికి 15 మందికి మించి ఉన్న సరిహద్దు తాలూకాలలో తహసీలు కచేరీ, ప్రభుత్వ ఆసుపత్రి, బ్యాంకు, తపాలా కార్యాలయం, పోలీసు ఠాణాలలో అధికారి ఏ వారం ఏ గంటలలో దొరుకుతారో మరాఠీతో పాటు తెలుగులోనూ, గోండీ జనం ఉన్నచోట గోండీలోనూ పలక కట్టాలి. రెండవది, మళ్లీ రమ్మని చెప్పిన ప్రతివారికీ తేదీ, గంట అంకెలలో రాసిన చీటీ ఇవ్వాలి. అంకెకు ఏ భాషా అడ్డురాదు. మూడవది, కిటికీ దగ్గర కూర్చొనే వారిలో ఒక్కరైనా తెలుగు విని జవాబు చెప్పగలవారు ఉండాలి. స్థానిక యువకులలో అటువంటివారికి కొదవ లేదు. నాలుగవది, బయటి జిల్లాలనుంచి వచ్చే ఉద్యోగులకు వేళలు, రోజులు, పలకరింపులతో కూడిన చిన్న తెలుగు, గోండీ పుస్తకం ఇవ్వాలి. అయిదవది, భూసేకరణ నోటీసులలో "స్థానిక భాష" అన్న మాటకు సిరొంచలో తెలుగు కూడా వస్తుందని రాష్ట్రం స్పష్టంగా ప్రకటించాలి. వీటన్నిటినీ దయగల అధికారి ఉన్నన్నాళ్ల ఏర్పాటుగా కాక చట్టబద్ధమైన నియమాలుగా చేయాలి.

ప్రభుత్వాలు కదిలేదాకా చేతులు ముడుచుకొని కూర్చోవలసిన పని లేదు. సరిహద్దు తెలుగు సంఘాలు 350వ అధికరణం కింద తెలుగులో విన్నపాలు రాయించి ఇవ్వాలి. అందినట్లు రసీదు తీసుకోవాలి. నిరాకరించినచోట ఆ సంగతిని భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు తెలపాలి. రెండు రాష్ట్రాల తెలుగు సంస్థలు వారికి వెన్నుదన్నుగా నిలవాలి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు రెండు ఒడ్డులలోనూ జనం మునిగారు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. స్నానానికి ఏ వేళ మంచిదో పంచాంగం ప్రతి తెలుగువానికి తన నుడిలోనే చెప్పుతుంది. ఆకాశంలోని గ్రహాలు ఎప్పుడు ఎక్కడుంటాయో తెలుగులో తెలుసుకోగలిగిన మనిషికి, కచేరీలోని గుమస్తా ఎప్పుడుంటాడో కూడా తెలుగులో తెలియవలసి ఉన్నది. అది చాలా చిన్న కోరిక. అంత చిన్న కోరికను తీర్చలేని పాలన పెద్ద హక్కులను గురించి ఎన్ని మాటలు చెప్పినా జనం నమ్మరు.